గంగిరెద్దులా తలూపే ఎర్రావు: అకబెకో బొమ్మ తయారీ

జపాన్‌లో ఫుకుషిమా రాష్ట్రంలోని ఐజు ప్రాంతపు బొమ్మ అకబెకో. ‘అక’ అంటే ఎరుపు, ‘బెకో’ అంటే అక్కడి యాసలో ఆవు. ఒంటిమీది నల్లమచ్చలు మశూచి పొక్కులకు గుర్తని, ఎరుపు ఆ జబ్బును దగ్గరికి రానివ్వదని నమ్మేవారు. అందుకే పసిపిల్లల పక్కన పెట్టేవారు.

అక్కడివాళ్లు చెక్క అచ్చు మీద వాషి అనే జపాన్ సంప్రదాయ కాగితం అంటిస్తారు. ఇంట్లో బంకమట్టి అచ్చు చాలు. ఒళ్లు, కాళ్లు కలిపి 12 సెం.మీ. పొడవు, తల, మెడ కలిపి విడిగా 7 సెం.మీ. కాళ్లు లావుగా ఉంచండి, సన్నవైతే కాగితం ఊడి రాదు. అచ్చు ఆరాక వ్యాజిలీన్ రాయండి. మొదటి పొరకు జిగురు వద్దు, కాగితం నీళ్లతో తడిపితే చాలు. ఆ పొరకు జిగురు తగిలితే అచ్చుకు అతుక్కుపోతుంది. ఆ పైన కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లతో ఉడికించిన జిగురుతో అయిదు పొరలు. కాగితాన్ని చేత్తో చింపండి. కత్తిరించిన అంచు రంగు వేశాక కూడా గీతలా కనిపిస్తుంది.

రెండు రోజులు నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. వెన్ను మీదుగా, పొట్ట కిందుగా బ్లేడుతో కోసి కుడిఎడమ డిప్పలు తీసి, కాగితం ముక్కలతో అతికించండి. ఐజులో దీనిపై ఆల్చిప్పల పొడి పూస్తారు. మనకు సుద్దపొడి, ఫెవికాల్ కలిపి రెండు పలచని పూతలు సరిపోతాయి. మందంగా పూస్తే పగుళ్లిస్తుంది. గరుకు కాగితంతో రుద్ది ఎరుపు, నల్లమచ్చలు, వాటి చుట్టూ తెల్లగీత వేయండి.

అసలు పనితనమంతా మెడ దగ్గరే. మెడ మందం 1.5 సెం.మీ. అయితే ఒంటి ముందువైపు అది దూరే కంత 2.5 సెం.మీ. ఉండాలి. పూతలతో కంత ఇరుకవుతుంది కాబట్టి ముందే కాస్త పెద్దగా కోయండి. మెడ పైభాగాన, మధ్యలో గట్టి దారం గుచ్చండి. దారం కిందివైపు గుచ్చితే తల బోర్లా తిరగబడుతుంది. రంగు ఆరాకే తూకం చూడాలి, రంగు కూడా బరువే. దారంతో తలను గాల్లో వేలాడదీసి, మెడ లోపలి కొసకు మట్టి ముద్ద కొంచెం కొంచెంగా అంటించండి. గడ్డం కిందికి జారితే మట్టి చాలలేదు, మూతి ఆకాశం చూస్తే ఎక్కువైంది. ముద్ద కంతలో పట్టేంత సన్నగా ఉండాలి.

కుదిరాక మెడను లోపలికి దూర్చి, కంత పై అంచుకు 1 సెం.మీ. వెనక చిల్లు పెట్టి, దారాన్ని అందులోంచి బయటికి లాగండి. వదులుగా ఉంటే తల పక్కలకు ఊగి అంచుకు కొట్టుకుంటుంది, మరీ బిగిస్తే ఊగనే ఊగదు. నెమ్మదిగా నాలుగైదు సార్లు తలూపి ఆగేలా సరిచూసుకుని ముడేసి, ముడి మీద చిన్న కాగితం ముక్క అంటించి ఎర్రరంగు పూయండి.