పాత ఆరోగ్య నివేదిక చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఖాళీ గడి

పోయిన పాఠంలో శిశు మరణాల రేటు కట్టడం చూశాం. ఈసారి అంటువ్యాధుల పట్టిక. మన ఉదాహరణ మళ్లీ లండన్‌లోని బెర్మండ్సీయే. థేమ్స్ ఒడ్డున రేవులు, తోలు శుద్ధి చేసే కార్ఖానాలు, ఇరుకు ఇళ్లు ఉన్న పేట. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అక్కడి ఆరోగ్యాధికారి ఏటా ఒక నివేదిక అచ్చు వేయించేవాడు. వెల్‌కమ్ లైబ్రరీ వాళ్లు లండన్ పేటల నివేదికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. 1920ల నాటిది ఒకటి తెరిచి పక్కన పెట్టుకోండి.

అందులో మీకు రెండు పట్టికలు కావాలి. ఒకటి, ఎంతమందికి జబ్బు వచ్చిందని డాక్టర్లు తెలియజేశారో చెప్పేది. రెండోది, ఏ జబ్బుతో ఎంతమంది పోయారో చెప్పేది. లెక్క అలవాటు కావడానికి నేనే కొన్ని అంకెలు వేస్తున్నాను, ఇవి ఏ నివేదికలోవీ కావు. స్కార్లెట్ జ్వరం, అంటే గొంతు నొప్పితో, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లతో వచ్చే అంటుజ్వరం: కేసులు 200, మరణాలు 1. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా: కేసులు 250, మరణాలు 10. తట్టు: కేసుల గడి ఖాళీ, మరణాలు 30.

మరణాలను కేసులతో భాగించి వందతో గుణించండి. స్కార్లెట్ జ్వరానికి 0.5 శాతం, కంఠసర్పికి 4 శాతం. మరి తట్టుకి?

మొదటిసారి ఇలాంటి పట్టిక చూసినప్పుడు నేను ఖాళీ గడిని సున్నా అనుకుని ముందుకెళ్లిపోయాను. కేసులే లేకుండా ముప్పైమంది ఎలా పోతారన్న అనుమానం కూడా రాలేదు! అది సున్నా కాదు. ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం.

1889 చట్టం ప్రకారం లండన్ డాక్టర్లు స్కార్లెట్ జ్వరం, కంఠసర్పి లాంటి జబ్బులు కనబడితే ఆరోగ్యాధికారికి తెలియజేయాలి. ప్రైవేటు కేసుకు రెండున్నర షిల్లింగుల రుసుము కూడా దక్కేది. ఆ జాబితాలో తట్టు లేదు, కోరింత దగ్గూ లేదు. తట్టును 1916లో దేశమంతటా చేర్చారు, 1919తో ఎత్తేశారు. ఒళ్లంతా పేలేలోపే అది పక్కింటి పిల్లలకు అంటుకుపోతుంది, కేసు తెలిశాక చేయగలిగింది తక్కువ. పైగా తట్టు పోస్తే చాలా ఇళ్లలో డాక్టరును పిలిచేవాళ్లే కాదు. బళ్లో హెడ్మాస్టర్లు పంపే లెక్కలు కొంత ఉపయోగపడతాయి కానీ, ఎక్కువగా చనిపోయేది ఇంకా బడికి వెళ్లని పసివాళ్లు.

కాబట్టి తట్టు దగ్గర కేసుల శాతం కట్టకండి. మరణాల పట్టికకు వెళ్లి వయసు గడులు చూడండి, 5 ఏళ్లలోపు ఎంతమందో రాసుకోండి. ఒక్క ఏడాదితో ఆపొద్దు. లండన్‌లో తట్టు దాదాపు రెండేళ్లకోసారి విజృంభించేది. జోరు ఏడాది తర్వాత వచ్చే నెమ్మది ఏడాదిని చూసి ‘మెరుగుపడింది’ అని రాస్తే తప్పులో కాలేసినట్టే. నాలుగు నివేదికలు తీసుకుని, రెండేసి ఏళ్లు కలిపి సగటు కట్టండి. తట్టు ముదిరి న్యుమోనియాతో పోయిన పిల్లలు కొందరు న్యుమోనియా గడిలోకి చేరిపోయి ఉంటారు, అదీ గుర్తుంచుకోండి.

శాతం తక్కువని జబ్బును చిన్నచూపు కూడా చూడకండి. బెర్మండ్సీలో పేదల మధ్యే కాపురం పెట్టిన డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ సాల్టర్, ఏడా సాల్టర్ దంపతుల ఒక్కగానొక్క కూతురు జాయిస్ 1910లో స్కార్లెట్ జ్వరంతోనే పోయింది. ఆ తల్లి 1922లో ఆ పేటకు మేయర్ అయింది.

అభ్యాసం: మీరు తెరిచిన నివేదికలో మరణాలు ఉండీ కేసుల గడి లేని జబ్బులన్నీ ఒక కాగితం మీద రాయండి. కోరింత దగ్గు, పసిపిల్లల విరేచనాలు ఆ జాబితాలోకి వస్తాయో లేదో చూడండి. వచ్చే పాఠంలో, వేరే పేటలోని ఫీవర్ ఆసుపత్రిలో పోయిన బిడ్డను ఏ పేట లెక్కలో వేస్తారో చూద్దాం.