చూపు తక్కువ ఉన్న పిల్లల మదింపు: అచ్చు చాలా, బ్రెయిల్ కావాలా?

సదరం (ప్రభుత్వ వైద్యులు ఇచ్చే వైకల్య) సర్టిఫికెట్‌లోని శాతం పెన్షన్‌కీ పథకాలకీ పనికొస్తుంది. చూపు తక్కువ ఉన్న పిల్లవాడు తెలుగు వాచకాన్ని ఎంత దూరంలో పట్టుకుంటే చదవగలడో, పావుగంట చదివాక ఏమవుతాడో మాత్రం అందులో ఉండదు. అది తేల్చాల్సింది భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిపే ప్రభుత్వ కేంద్రం)లోని ఐఈఆర్పీ, అంటే ఆ పిల్లల ప్రత్యేక ఉపాధ్యాయుడు, తరగతి ఉపాధ్యాయుడు కలిసి. ఒక్క పూటలో ముగించేద్దామనుకుంటే తప్పు ఫలితమే వస్తుంది.

ముందు కాగితాలు చూడండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బాగున్న కంటికి, అద్దాలు పెట్టాక కూడా, 6/18 కంటే తగ్గి 3/60 వరకు ఉంటే అల్పదృష్టి. అంతకన్నా తక్కువైతే అంధత్వం. మామూలు కంటికి 60 మీటర్ల దూరం నుంచే కనిపించే అక్షరం 3 మీటర్లకు వస్తే గానీ కనబడకపోవడమే 3/60. కంటి పరీక్ష చార్టు బాగా చదివినా దృష్టి క్షేత్రం (కన్ను కదపకుండా ఒకేసారి కనిపించే మేర) 10 డిగ్రీల లోపు ఉంటే అదీ అంధత్వం కిందికే వస్తుంది. ఇలాంటి పిల్లలు చార్టులో చివరి వరుసలు చదివేసి, బయటికెళ్తూ గుమ్మం పక్కనున్న బకెట్‌ను తన్నేస్తారు. ‘నాటకాలాడుతున్నాడు’ అని మాట పడేదీ వీళ్లే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే శాతం 30 దగ్గరే ఆగుతుంది. పెన్షన్‌కు 40 కావాలి. అంతమాత్రాన తరగతిలో చోటు మార్చే అవసరం లేదనుకోవద్దు.

డాక్టరు కాగితంలో అంకెల కంటే జబ్బు పేరు ముఖ్యం. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనకపొర క్రమంగా దెబ్బతినే జబ్బు) అయితే రేచీకటి ఉంటుంది, చూపు ఏటేటా తగ్గుతుంది. మేనరికం ఉన్న కుటుంబమైతే తోబుట్టువులనూ పరీక్షకు పంపండి. ఆల్బినిజం (ఒంట్లో, కళ్లలో రంగు లోపించడం) ఉంటే వెలుతురు ఎక్కువైతేనే ఇబ్బంది, కాబట్టి కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించకూడదు. కనుగుడ్లు ఊగే పిల్లలు తల ఒక పక్కకు వంచి చూస్తారు. ఆ కోణంలో ఊగులాట తగ్గుతుంది గనుక ‘తల తిన్నగా పెట్టు’ అనకండి. శుక్లం ఆపరేషన్ అయిన పిల్లలకు దూరానికీ దగ్గరికీ వేరు పవర్లు కావాలి. చాలామందికి దూరపు చూపు అద్దాలు మాత్రమే ఉంటాయి. అసలు పెట్టుకున్న అద్దాలు ఏనాటివో, గీతలు పడ్డాయో చూసి, తుడిచి, అప్పుడు మొదలుపెట్టండి.

దూరపు చూపుకు 6 మీటర్లు కొలిచి గీత గీయండి. అక్షరాలు రానివారికి ఇంగ్లిష్ ‘E’ గుర్తుల చార్టు చాలు, ఏ వైపు తిరిగి ఉందో చేత్తో చూపిస్తారు. పై గుర్తు కనబడకపోతే 3 మీటర్లకు, తర్వాత మీటరుకు రండి. అదీ కాకపోతే వేళ్లు లెక్కపెట్టగలడా, చేతి కదలిక తెలుస్తుందా, వెలుతురైనా తెలుస్తుందా చూడండి. ఒక్కో కన్ను విడిగా, తర్వాత రెండూ కలిపి పరీక్షించండి.

అసలు పని దగ్గరి చూపుది. 14, 18, 24, 36 పాయింట్ల అక్షర సైజుల్లో అచ్చు తీసిన కాగితాలు, కొలత టేపు, చదువు స్టాండు ఉంటే చాలు. వాచకంలోని పాఠం ఇవ్వకండి. అది సగం నోటికొచ్చి ఉంటుంది, చూసి చదువుతున్నాడని మోసపోతాం. సందర్భం లేని విడి మాటలు ఇవ్వండి: గడి–గడ్డి, విధి–వీధి, పాడు–వాడు, దార–ధార. తెలుగులో చూపు మొదట తడబడేది కింది వత్తులు, గుడిదీర్ఘాలు, ‘ధ’ లాంటి ఒత్తక్షరాల దగ్గరే. తలకట్టు, అక్షరం ఒళ్లు కనిపించే సైజులో కింది వత్తు కనిపించకపోవచ్చు. ‘గడ్డి’ని ‘గడి’ అని చదివితే అది చదువు రాకపోవడమో, వత్తు కనబడకపోవడమో తేలాలి. అదే మాటను రెట్టింపు సైజులో చూపండి. సరిగా చదివితే చూపు సమస్యే.

కాగితం తనకు నచ్చినంత దగ్గరగా పట్టుకోనిచ్చి కంటికీ కాగితానికీ మధ్య దూరం కొలవండి. దగ్గరగా పెట్టుకుంటే కళ్లు పాడవుతాయన్నది ఉత్త భయం. అతి కష్టం మీద చదవగలిగిన సైజుకు కనీసం రెట్టింపు ఉంటేనే రోజువారీ చదువు సాగుతుంది. 20 సెంటీమీటర్లలో 18 పాయింట్లు ఆఖరి హద్దయితే, అదే దూరంలో 36 కావాలి. లేదా 18నే 10 సెంటీమీటర్లకు తెచ్చుకోవాలి. ఏ4 పేజీని ఏ3కి జిరాక్స్ తీస్తే అక్షరం 1.4 రెట్లే పెరుగుతుంది, అంటే 14 పాయింట్లు దాదాపు 20 అవుతాయి. అందరికీ ఏ3 జిరాక్స్ ఇచ్చేయడం మందు కాదు. దృష్టి క్షేత్రం కుంచించుకుపోయిన పిల్లలకు అక్షరం పెద్దదయ్యే కొద్దీ ఒక చూపులో పడే అక్షరాలు తగ్గిపోతాయి, వేగం ఇంకా పడిపోతుంది.

వేగం కొలిచేటప్పుడు మాటలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి. ‘వచ్చేస్తున్నారట’ కూడా ఒక మాటే కదా. తెలియని పాఠం 15 నిమిషాలు చదివించి మొదటి 3 నిమిషాలు, చివరి 3 నిమిషాలు విడివిడిగా నమోదు చేయండి. అదే పాఠం అదే తరగతిలోని మరో ముగ్గురితో చదివించి పోల్చండి. చివర్లో వేగం బాగా పడిపోయి కళ్లలో నీళ్లు, తలనొప్పి, మెడనొప్పి అంటే సైజు ఒక్కటే సరిపోదని అర్థం.

గదిలో పరీక్షతో పాటు వేరువేరు రోజుల్లో బడంతా గమనించాలి. తరగతి, వరండా, ఎండలో మైదానం, మధ్యాహ్న భోజనం. స్టీలు పళ్లెంలో తెల్లన్నం మీద పెట్టిన ఒలిచిన గుడ్డును చూసి తీస్తున్నాడా, వేళ్లతో వెతుకుతున్నాడా? కింద పడిన సుద్దముక్కను ఎలా వెతుకుతాడు? మెట్టు చివర ఆగి కాలితో తడుముతాడా? ప్రతి పనికీ చూపు, చెయ్యి, చెవి అని మూడు గళ్లలో గీత పెట్టండి. చెయ్యి, చెవి గళ్లు బరువెక్కుతుంటే చూపును నమ్ముకుని చదువు నడిపించడం కష్టం.

చూపు తగ్గుతూ పోయే జబ్బున్నా, రెట్టింపు సైజులోనూ తోటివారిలో సగం వేగం రాకపోయినా, అలసట ఆగకపోయినా బ్రెయిల్ మొదలుపెట్టాలి. అచ్చు ఆపేయక్కర్లేదు, రెండూ నడుస్తాయి. ముందు వేళ్ల సంగతి తెలుసుకోవడానికి పెసలు, కందులు, శనగలు కలిపి వేరు చేయించండి. బ్రెయిల్ చుక్కలను వేళ్లతో కాక కళ్లతో చదివే పిల్లలుంటారు, కాబట్టి చేతుల మీద అట్ట అడ్డం పెట్టండి.

తెలివి పరీక్షల్లో బొమ్మలపై ఆధారపడ్డ భాగాల మార్కులు లెక్కలోకి తీసుకోకండి. ‘మందబుద్ధి’ అన్న తప్పు ముద్ర ఎక్కువగా అక్కడే పడుతుంది. వినికిడి పరీక్ష తప్పనిసరి.

నివేదికలో ‘కొంచెం కనిపిస్తుంది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘24 పాయింట్లు, 15 సెంటీమీటర్లు, కిటికీ వీపు వెనక, బోర్డుకు 1 మీటరు, 10 నిమిషాలకోసారి విరామం’ అని రాయండి. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అంధత్వం ఉన్నవారు అడిగితే స్క్రైబ్‌ను (పరీక్ష రాసిపెట్టే మనిషిని) ఇవ్వాల్సి ఉండేది. అల్పదృష్టి ఉన్నవారికైతే ప్రభుత్వాసుపత్రి అధికారి సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. వాటి స్థానంలో 2025లో కొత్తవి వచ్చాయి, అవి చూసుకోండి. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు. పదో తరగతి వరకు ఆగకుండా యూనిట్ టెస్టుల నుంచే అలవాటు చేయండి. ఏటా ఒకసారి, చూపు తగ్గే జబ్బైతే ఆరు నెలలకోసారి, అద్దాలు మారిన ప్రతిసారీ దగ్గరి చూపు పరీక్ష మళ్లీ చేయాలి.