కూలిన వేప మొద్దు నుంచి తలుపు చెక్కలు తీసి ఆరబెట్టుకోవడం ఎలా?

పెరట్లో వేప చెట్టు పడిపోతే చాలామంది కట్టెల అడితికి తోలేస్తారు. మొద్దు తిన్నగా, అడుగుకు మించి లావుగా ఉంటే ఆ పని చేయకండి.

చెట్టు ఇంకా నిలబడే ఉంటే ముందు అనుమతి చూసుకోండి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. టేకైతే నరకడానికే కాదు, బండిలో తరలించడానికీ అటవీ శాఖ కాగితం కావాలి. దసరా దాటాక, సంక్రాంతి లోపు నరికితే మేలు.

నరికిన రోజే మొద్దు రెండు కొసలకూ మిగిలిపోయిన పెయింటు మందంగా పూయండి. చెట్టులో నీరు ఎక్కే దారులు నిలువుగా ఉంటాయి కాబట్టి పక్కల కంటే కొసల నుంచి తడి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ఎండి ముడుచుకుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పగుళ్లు పుట్టేది అక్కడే. వరంగల్ వైపు మనకు భయం తేమతో కాదు, వడగాడ్పులతో.

ఆలస్యం చేయకుండా సామిల్లులో కోయించండి. అంగుళం చెక్క కావాలంటే అంగుళంపావు కోయమనండి. ఆరితే కుంచించుకుపోతుంది, చిత్రిక పడితే ఇంకొంత పోతుంది. నడిమధ్య భాగం ఎలాగూ పగులుతుంది, దాన్ని పలకల్లో కలపొద్దు. వేపకు పురుగు పట్టదన్న మాట చేవ, అంటే లోపలి ముదురు చెక్క వరకే నిజం. చుట్టూ ఉండే తెల్లచెక్కకు పచ్చిగా ఉన్నప్పుడే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పూయాలి.

ఇక పేర్చడం. నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున, సమంగా ఉన్న దిమ్మెల మీద పేర్చండి. వరుసకూ వరుసకూ మధ్య ఎండిన రీపరు ముక్కలు (సన్నని చెక్క బద్దలు), అన్నీ అంగుళం మందానివే, అడుగున్నరకు ఒకటి పెట్టండి. పై ముక్క సరిగ్గా కింది ముక్క మీదికే రావాలి. అటూ ఇటూ జరిగితే పలక అక్కడే వంగిపోతుంది, ఆ వంపు తర్వాత ఏ వడ్రంగీ తీయలేడు. పైన రేకు, దాని మీద బరువు. పక్కలు తెరిచే ఉంచి, మార్చి నుంచి మాత్రం గాలి వచ్చే వైపు గోనెపట్టా కట్టండి.

అంగుళం మందం ఆరడానికి ఏడాది అన్నది పాత లెక్క. నాకైతే తూకం మీదే నమ్మకం. ఒక పలకను నెలకోసారి తూచండి. వేసవిలో వరుసగా రెండుసార్లు ఒకే బరువు వస్తే ఆరినట్టే. వానాకాలంలో బరువు తగ్గడం ఆగితే మాత్రం నమ్మొద్దు, గాలిలోని తేమ ఆపిందన్నమాట. వడ్రంగిని పిలిచే ముందు రెండు వారాలు పలకలను ఇంట్లోనే, రీపర్లతో సహా పేర్చి ఉంచండి.