ఒంగోలు నల్లరేగడిలో మల్లె పొద
ఒంగోలు ప్రాంతపు నల్లరేగడిలో మల్లె నాటేవారు ముందుగా నీరు నిలవకుండా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు పాదులో నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. అందువల్ల ఇసుక, పశువుల ఎరువు కలిపిన ఎత్తు మడిలో, ఎండ బాగా తగిలే చోట నాటాలి.

డిసెంబరు చివర నీరు తగ్గించి, జనవరిలో కొమ్మలను నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో కత్తిరించి, మిగిలిన ఆకులను దూసివేస్తే, మార్చి నుంచి కొత్త చిగుళ్లకు మొగ్గలు వస్తాయి. జాలిపడి కత్తిరించకుండా వదిలిన పొద ఆకులతోనే నిండిపోతుంది.

లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), కొద్దిగా నిమ్మరసం కలిపి, వారానికొకసారి చొప్పున రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. మొగ్గలు ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు ఉన్నట్లే. వాటిని వెంటనే కోసి కాల్చివేయాలి.