గంధం మొక్క పాలిపోతే ముందు పక్క మొక్కను చూడండి

చంద్రగిరి దగ్గర మాకున్న రెండెకరాల మెట్టలో శ్రీగంధం, ఎర్రచందనం, గెనిమ (గట్టు) పొడవునా టేకు పెంచుతున్నాం. మందుల అంగడికి పరిగెత్తి పోగొట్టిన డబ్బే ఎక్కువ.

గంధం ఆకు పాలిపోయింది, ఎదుగుదల లేదు

నేనైతే బలం చాల్లేదనుకుని యూరియా వేశాను. రెండు నెలలైనా అదే తీరు. తప్పు నాదే. నర్సరీ కవర్లో గంధంతోబాటే వచ్చిన పొన్నగంటిని కలుపనుకుని పీకేశాను. శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకుతో తిండి చేసుకుంటుంది గానీ నీళ్లూ లవణాలూ చాలామటుకు పక్క మొక్క వేరు నుంచే లాగుతుంది. గంధం మొదలు దగ్గర మట్టిని చేతివేళ్లతో మెల్లగా తొలగించండి. గంధం వేరు పక్క వేరును చిన్న గుండీలా కరుచుకుని కనిపించాలి. లేదంటే దానికి తోడు లేదు. వానలు మొదలవగానే అడుగు దూరంలో కంది వేయండి. కంది ఎక్కువ ఏళ్లు నిలవదు కాబట్టి, కాస్త ఎడంగా సరుగుడో కానుగో నాటండి. కంది మరీ కమ్మేస్తే కొమ్మలు కత్తిరించండి, పీకొద్దు.

ఎర్రచందనం ఆకంతా రాలిపోయింది

ఏ నెలో చూడండి. ఫిబ్రవరిలో అయితే అది దాని గుణం, ఎండల్లో మళ్లీ చిగురిస్తుంది. నమ్మకం కుదరకపోతే గోటితో బెరడు గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టే. నవంబరు వానల తర్వాత రాలితే మాత్రం చెట్టు మొదట్లో నీళ్లు నిలిచి ఉంటాయి. శేషాచలం రాళ్ల వాలుల్లో పుట్టిన చెట్టుకు బురద పడదు. దిగువ గెనిమ తెగ్గొట్టి కాలవ తీయండి.

టేకు ఆకు జల్లెడైంది

ఈనెలే మిగిలాయంటే వానాకాలపు పురుగు. పెద్ద చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది, వదిలేయండి. చిన్న మొక్కలకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొడితే చాలు.

బేరం కుదిరింది, లారీ కదలదు

పట్టా భూమిలో పెంచినదైనా ఎర్రచందనం నరకాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. అందుకే మొక్కలు కొన్న రసీదు దాచుకోండి, అడంగల్‌లో (ఊరి భూముల రికార్డులో) చెట్లు ఎక్కించుకోండి. మా రసీదు సగం ఎలుకలు కొట్టేశాయి. మిగిలిన సగాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టాను.