రాధామనోహరం పెంపకం – నాలుగో పాఠం: ఆకు దట్టం, పువ్వు లేదు

ఈసారి పందిరి వేయడం చెప్పాలి. కానీ ఎరువు పాఠం చదివాక అమలాపురం, నరసాపురం, యానాం, ఎక్కణ్ణుంచి చూసినా ఒకటే మాట: "తీగ గోడెక్కేసిందండీ, వానాకాలమంతా ఆకే తప్ప పువ్వు లేదు." పందిరి తర్వాత. ముందు ఇది తేలాలి.

మీ ఫోటోల్లో తీగలన్నీ ఒకేలా ఉన్నాయి. ఆకు పెద్దది, ముదురు పచ్చ. రెమ్మ మెత్తన, కణుపుల మధ్య దూరం ఎక్కువ. నత్రజని ఎక్కువైతే ఇలాగే అవుతుంది. కారణం అడిగితే చాలామంది చెప్పింది, వరికి వేయగా మిగిలిన యూరియా ఓ గుప్పెడు వేశామని. నేను రాసింది పశువుల ఎరువు, వేపపిండి. అంతే. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. వరి పిలకలు వేయాలి కాబట్టి చేనుకి అది కావాలి. మన తీగకి ఆకు పెంచడం ఎలాగూ వచ్చు, పైగా డెల్టా ఒండ్రు నేలలో వేరు దిగింది. గుప్పెడు యూరియా పడితే పూత మాట మరిచిపోయి పరుగు తీస్తుంది. "డీఏపీ అయితే పర్లేదా?" అంటున్నారు. అదీ రసాయన ఎరువే, అందులోనూ 18 శాతం నత్రజని ఉంది, వద్దు. "చిటికెడు?" చిటికెడు కూడా వద్దు. భీమవరం వైపు రొయ్యల చెరువు మట్టి తెచ్చి తీగ మొదలు దగ్గర పోసినవాళ్లది వేరే బాధ: అది ఉప్పు, ఆకు అంచులు మాడతాయి. ఆ మట్టి తవ్వి తీసేయండి.

యూరియా వేసేసినవాళ్లు సంక్రాంతి దాకా ఏ ఎరువూ వేయకండి. నీరు నిలవని చోటైతే రెండు మూడుసార్లు మొదలు బాగా తడిసి, నీరు కిందికి దిగిపోయేలా పోయండి.

యూరియా ముట్టనివాళ్లూ ఉన్నారు. మీ తీగ కొబ్బరి చెట్ల నీడలో ఉందేమో చూడండి. మొదలు నీడలో ఉన్నా ఫర్వాలేదు, పై కొమ్మలకి మాత్రం ఐదారు గంటల ఎండ తగలాలి. నా మాట వింటే పడకగది కిటికీ పక్కన పడమటి గోడకి పాకించండి. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, వాసన రాత్రికే ఎక్కువ.

ఇక కత్తిరింపు. పూత కొత్త రెమ్మల మీదే వస్తుంది, అందుకే పాత కొమ్మల్ని సంక్రాంతి వెళ్లాక తగ్గించాలి. కోసిన తీగని గుంజకండి. ఆకు రాలినా తొడిమ అడుగు కొమ్మకే ఉండిపోయి, ఎండి, ముల్లులా గట్టిపడుతుంది. గుంజితే అది అరచేతిని చీరేస్తుంది. మూరెడు ముక్కలుగా కోస్తూ తీయండి.

అభ్యాసం: కత్తిరించాక వచ్చే కొత్త రెమ్మల్లో ఐదింటికి రంగుదారాలు కట్టండి. వారానికోసారి పొడవు కొలవండి, ఎండ ఎన్ని గంటలు తగిలిందో రాయండి. మొగ్గ పడ్డాక రోజూ సాయంత్రం, పొద్దున్న చూడాలి: విచ్చుకున్నప్పుడు తెలుపు, మర్నాడు గులాబీ, ఆ తర్వాత ఎరుపు. గుత్తిలో ఏ రంగువి ఎన్నో రాయండి. నెలరోజులు ఒక్క పూటా మానకూడదు. పందిరి ఎంత ఎత్తు వేయాలో ఆ పొడవుల లెక్క చూసే చెబుతాను.