సాహస కామిక్స్‌లో తప్పులు పట్టడం ఎలా?

కామిక్ పుస్తకంలో పొంతన కుదరని గడి ఒకటి కనబడితే చాలు, చిత్రకారుడికి చరిత్ర తెలియదని తీర్పు చెప్పేస్తారు. తప్పు ఉన్న మాట నిజమే కావచ్చు. అది ఎవరి తప్పో తేల్చని జాబితా మాత్రం నా దృష్టిలో చెత్తబుట్టకే పనికొస్తుంది.

ఉదాహరణలు టిన్‌టిన్ అనే కుర్ర విలేకరి సాహస కామిక్స్ నుంచి ఇస్తాను. బెల్జియం చిత్రకారుడు ఎర్జే 1929లో మొదలుపెట్టిన ఈ కథలను మనలో చాలామంది ఇంగ్లిషు అనువాదాల్లోనే చదివాం. పైగా పాత కథలను ఆయన మళ్లీ మళ్లీ గీశాడు. ఈ విద్య పట్టుబడాలంటే ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

కావలసినవి: పుస్తకం, పెన్సిలు, నోటుపుస్తకం, భూతద్దం. ఫోనులో చదవకూడదు. ఒక్కో గడినే చూపించే తెర మీద పక్క గడితో పోల్చడం కుదరదు.

1. ముందు కథ కోసం చదివేయండి. ఏమవుతుందోనన్న ఆత్రం తీరితే తప్ప కన్ను బొమ్మ మీద నిలవదు.

2. రెండోసారి ఒక్క వస్తువునే వెంటాడండి. థాంసన్, థాంప్సన్ అనే డిటెక్టివుల్లో ఒకరి మీసాలు తిన్నగా ఉంటాయి, ఇంకొకరివి కొసల దగ్గర బయటికి తిరిగి ఉంటాయి. ఈసారి పుస్తకమంతా ఆ మీసాలే చూడండి. మరోసారి టోపీలు, ఇంకోసారి కట్లు, గాయాలు. అన్నీ ఒకేసారి వెతికేవాళ్లకు ఏదీ దొరకదు.

3. దొరికినదాన్ని పేజీ, వరుస, గడి అంకెలతో రాసుకోండి. "మధ్యలో ఎక్కడో" అని రాసుకుంటే మీకే మళ్లీ దొరకదు.

4. యంత్రాలు, తేదీలు, పటాలు సరిచూడండి. ఇక్కడ తొందరపాటు పనికిరాదు. "ది బ్లాక్ ఐలండ్" 1938లో వచ్చింది. అందులో స్కాట్లాండ్ తీరం దగ్గరి కోటలో టీవీ కనబడుతుంది. "1938లో టీవీ ఎక్కడిది?" అని ఎగిరిపడతారు. బీబీసీ లండన్ నుంచి 1936 నవంబరులోనే క్రమం తప్పని టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది, కాబట్టి పెట్టె ఉండటం తప్పు కాదు. అసలు చిక్కు వేరే ఉంది: లండన్ ప్రసారం అంతదూరం అందదు, స్కాట్లాండ్‌కు టీవీ ప్రసారాలు వచ్చింది 1952లో. పెట్టెను చూసి నవ్వినవాళ్లకు ఈ సంగతి తట్టదు.

5. మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణో తేల్చండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

"సిగార్స్ ఆఫ్ ది ఫారో"లో ఒక షేకు టిన్‌టిన్‌ను గుర్తుపట్టి, నీ సాహసాలు చదివాను అంటూ ఒక పుస్తకం చూపిస్తాడు. అట్ట మీద చంద్రుడి మీదికి వెళ్లే కథ బొమ్మ ఉంటుంది. ఆ యాత్ర టిన్‌టిన్ ఇంకా చేయనే లేదు! ఎర్జేకు తన కథల వరుసే తెలియదా? తెలుసు. ఈ కథ మొదట 1934లో నలుపు తెలుపులో పుస్తకమైంది. చంద్రుడి కథ పుస్తకంగా వచ్చింది 1953లో. 1955లో పాత కథను రంగుల్లో తిరగగీసినప్పుడు అట్ట మారింది. కాబట్టి "1934 కథలో తప్పు" అని రాస్తే మీదే తప్పు. "1955 ముద్రణలో చేరిన పొరపాటు" అని రాయాలి.

డిటెక్టివుల సంగతీ ఇంతే. ఇదే కథలో వాళ్లు టిన్‌టిన్‌ను అరెస్టు చేయడానికి కొత్తవాళ్లలా వస్తారు. మరి అంతకుముందు జరిగిన కాంగో కథ మొదటి గడిలోనే వాళ్లు నిలబడి ఉన్నారేమిటి? కాంగో కథను 1946లో రంగుల్లో తిరగగీసినప్పుడు వాళ్లను అక్కడ నిలబెట్టారు కనుక. పైన చెప్పిన బ్లాక్ ఐలండ్‌కైతే బ్రిటిష్ ప్రచురణకర్తలు 131 తప్పుల జాబితా తయారుచేసి ఇచ్చారు. దాంతో 1966లో పుస్తకమంతా కొత్తగా గీశారు. పాత జాబితా పట్టుకుని కొత్త పుస్తకంలో ఆ తప్పులు వెతకడం వృథా.

అనువాదం ఇంకా గడుసుది. "ది సీక్రెట్ ఆఫ్ ది యూనికార్న్" ఫ్రెంచి మూలంలో ఓడ పద్నాలుగో లూయీది, సంవత్సరం 1698. ఇంగ్లిషులో అదే ఓడ రెండో ఛార్లెస్‌ది అయింది, సంవత్సరం 1676కు జరిగింది. తర్వాతి కథలో నిధి ఉన్న ద్వీపం దొరకదు. కారణం: ఆ ఓడ కెప్టెన్ రాసిన పాత పత్రాల్లోని రేఖాంశాన్ని గ్రీనిచ్ నుంచి కాదు, పారిస్ నుంచి లెక్కపెట్టాలి. ఫ్రెంచి రాజు కెప్టెన్ పారిస్ నుంచి లెక్కపెట్టడం సహజం. ఇంగ్లిషు రాజు కెప్టెన్‌కు ఆ అవసరం ఏమిటి? అందుకే ఇంగ్లిషులో ఆయన ఫ్రెంచి పటం వాడి ఉంటాడని ఒక అతుకు వేశారు. ఇంగ్లిషు మాత్రమే చదివి "ఎర్జే కథ అతకలేదు" అనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, జాలి మాత్రం ఉంది.

కానీ అదే పత్రంలో ఏ ముద్రణలోనూ పోని అసలు తప్పు ఒకటి ఉంది. భూతద్దం తీయండి. రేఖాంశం 70 డిగ్రీల 52 నిమిషాల 15 సెకన్లు. ఆ ద్వీపం ఉన్న అక్షాంశం దగ్గర ఒక సెకను (డిగ్రీలో 3600వ వంతు) అంటే నేల మీద సుమారు 29 మీటర్లు. పదిహేడో శతాబ్దపు నావికుడికి మధ్యాహ్న సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం ఓ మాదిరిగా దొరికేది. రేఖాంశానికి మాత్రం, ఉన్నచోటి సమయంతో పోల్చడానికి, బయలుదేరిన రేవు సమయాన్ని తప్పకుండా చూపే గడియారం కావాలి. సముద్రం మీద అంత నమ్మకంగా నడిచే గడియారాన్ని జాన్ హారిసన్ తయారుచేసింది పద్దెనిమిదో శతాబ్దంలో. "కెప్టెన్ ద్వీపంలో రెండేళ్లు ఉన్నాడు కదా, తీరిగ్గా కొలిచి ఉంటాడు" అని వాదిస్తారు. తీరిక ఉంటే సరిపోదు, పరికరాలు ఉండాలి. సెకన్ల దాకా రాయడం కథకు బాగుంటుంది, చరిత్రకు నప్పదు.

6. ఇప్పుడు తీర్పు రాయండి. నోటుపుస్తకంలో మూడు నిలువు గళ్లు: రచయిత, పునర్ముద్రణ, అనువాదం. నాలుగో గడి పెట్టకండి. పెడితే తేల్చలేనివన్నీ అందులోకే పోతాయి. మీసాలు, టోపీలు సాధారణంగా మొదటి గడికే చెందుతాయి. రేఖాంశపు సెకన్లూ అక్కడికే. "ప్రిజనర్స్ ఆఫ్ ది సన్"లో సూర్యుణ్ణి పూజించే దక్షిణ అమెరికా ఇంకాలు గ్రహణం చూసి హడలిపోయే ఘట్టం కూడా మొదటి గడిదే. తరతరాలుగా ఆకాశాన్ని గమనించిన జాతికి గ్రహణం కొత్త కాదు. ఎన్ని ముద్రణలు తిరగేసినా దాన్ని ఇంకొకరి ఖాతాలో వేయలేం.